క్యారియర్ లేని కొత్త సైకిల్

నిన్న నిజామాబాద్‌లో బిడ్డకు సైకిల్ కొన్నాను. లావు టైర్లు, ఒళ్లంతా స్టిక్కర్లు, గేర్లు కూడా ఉన్నాయి. క్యారియర్ మాత్రం లేదు. అడిగితే షాపాయన, "అది పెడితే లుక్ పోతది అన్న" అని నవ్వాడు.

బోధన్ చెరుకు దారుల్లో పెరిగిన దోస్తులారా, మన బాపుల నల్ల సైకిళ్లు గుర్తున్నాయా? ఎండకు కాలిన సీటు తోలు వాసన, హ్యాండిల్‌కు వేలాడే సద్ది గిన్నె? నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్లం మేము. బాపు సైకిల్ క్యారియర్ మీద కూర్చుని కోటగిరి సంతకు పోతుంటే, ఒకసారి కొంగు వెనక చక్రంలో చిక్కి అవ్వ రోడ్డు మీద పడిపోయింది. మోచెయ్యి చీరుకుపోయింది. మర్నాడే బాపు రెండు పాత జల్లెడలు కోసి, ఆ ఇనుప జాలీని క్యారియర్ కడ్డీలకు రెండు పక్కలా తీగతో బిగించాడు. "ఇగ భయం లేదు, కూసో" అన్నాడు. ఆ తర్వాత ఏళ్లకేళ్లు అవ్వ దాని మీదే తిరిగింది.

కంపెనీలు రంగు మార్చి కొత్త మోడల్ అంటున్నాయి. వెనక కూర్చునే మనిషి గురించి ఒక్కరైనా ఆలోచించారా?

అవ్వ పోయి నాలుగేళ్లయింది. బాపుకు ఈమధ్య మతిమరుపు ఎక్కువైంది. కొత్త సైకిల్ దగ్గరికొచ్చి, సీటు వెనక చేత్తో తడిమాడు. ఏమీ తగల్లేదు.

"గిదేం సైకిల్ రా? మీ అవ్వ యాడ కూసుంటది?"