ప్రతి స్క్రూ బోణీయే

డెట్రాయిట్ పక్కన కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో, పనిముట్లు తయారయ్యే టూల్‌రూమ్‌లో పనిచేసేవాణ్ణి. ఎనభైల మొదట్లో ఆర్డర్లు పడిపోయి సగం మందిని ఇంటికి పంపారు. ఆ సగంలో నేనూ ఉన్నాను. అసలే నాకు కోపం ఎక్కువ. ఇంకొకడి గేటు ముందు నిలబడేది లేదనుకున్నాను. దగ్గర్లోని నోవై ఊళ్ళో మేం అద్దెకున్న ఇంటి గరాజ్‌లో ఇనుము చెక్కే పాత లేత్ మెషిన్ ఒకటి వాయిదాల మీద కొని పెట్టాను. కారు బయట మంచులో నిలబడింది.

మా ఆవిడ హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేసేది. ఇంటి అద్దె, లేత్ వాయిదా రెండూ ఆమె జీతంలోంచే.

"ఏప్రిల్ దాకా చూద్దామండీ. అప్పటికీ లేత్ తన ఇన్‌స్టాల్‌మెంట్ తను కట్టుకోకపోతే అమ్మేద్దాం. మీరు జాబ్స్‌కి అప్లై చేద్దురుగాని" అంది.

సరేనన్నాను. చచ్చినా అమ్మనని మనసులో అనుకున్నాను.

నాకు పని ఇచ్చేది ఆ ఊళ్ళోనే తుపాకులు బాగుచేసే ఒక ముసలాయన. ఆయన దగ్గరికి పాత వేట తుపాకులు వచ్చేవి. వాటిని చేసిన కంపెనీలు ఎప్పుడో మూతపడ్డాయి. స్క్రూనో పిన్నో విరిగితే ఒక్కటంటే ఒక్కటి కొత్తగా చేయాలి. ఆయనకి చూపు మందగించింది, అందుకని నా దగ్గరికి తెచ్చేవాడు.

ఫ్యాక్టరీలో మెషిన్ సిద్ధం చేయడానికి ఒక పూట పట్టినా, ఆ ఖర్చు వేల స్క్రూల మీద సర్దుకుపోతుంది. ఇక్కడ స్క్రూ ఒక్కటే. దాని మర ఇప్పుడెవరూ వాడని కొలత. దానికి సరిపడా టూల్ నేనే సానబట్టుకోవాలి, లేత్‌లో గేర్లు మార్చాలి, ఒకటి రెండు ముక్కలు పాడుచేసుకోవాలి. దీనికే నాలుగు గంటలు. ఆ తర్వాత స్క్రూ పది నిమిషాల్లో తయారు. కొండను తవ్వి ఎలుకను పట్టడమే. నేనేమో ఎలుక ధరకి అమ్మేవాణ్ణి.

తెనాలిలో మా నాన్నకి ఇత్తడి సామాన్ల కొట్టు ఉండేది. బోణీ బేరాన్ని ఆయన ఎన్నడూ పోనివ్వలేదు. పొద్దున్నే వచ్చిన మొదటి మనిషి ఎంతకడిగితే అంతకి, నష్టమైనా ఇచ్చేసి, ఆ డబ్బు కళ్ళకద్దుకునేవాడు. నాకూ అదే అబ్బింది. ముసలాయన "ఎనిమిది డాలర్లకి అవుతుందా?" అంటే, బోణీ కదా అని తలూపేవాణ్ణి.

మార్చిలో ఒక ఆదివారం మా ఆవిడ గరాజ్‌లోకి వచ్చింది.

"దీనికెంత?"

"ఎనిమిది. బోణీ బేరం."

"మొన్నటిది?"

"అదీ బోణీయే."

"మామయ్యగారికి బోణీ తర్వాత యాభై మంది వచ్చేవాళ్ళండీ. మీకు రోజు మొత్తానికి ఒక్కడే కస్టమర్. అన్నీ బోణీలే అయితే ఇంక బిజినెస్ ఎప్పుడు చేస్తారు? అత్త సొమ్ము అల్లుడు దానం అన్నట్టు, నా శాలరీ ఆ తుపాకుల వాళ్ళకి పంచుతున్నారు."

ఒళ్ళు మండి గట్టిగా అరిచాను. ఆమె లోపలికి వెళ్ళిపోయాక లేత్ ఆపి కూర్చున్నాను. ఫ్యాక్టరీలో ఏ పనికి ఎన్ని గంటలో లెక్క కట్టడం నాకు వెన్నతో పెట్టిన విద్య. నా గంటలకి ధర చెప్పడానికి మాత్రం సిగ్గుపడ్డాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు ముసలాయన ఒక డబల్ బ్యారెల్ తుపాకి స్క్రూ తెచ్చాడు.

"ఎనిమిదేనా?"

"అరవై" అన్నాను. "నాలుగు గంటల పని. కావాలంటే పక్కన నిలబడి చూడండి."

ఆయన స్క్రూ జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. నాన్న ఉంటే నా చెంప పగలగొట్టేవాడు. వెనక్కి పిలుద్దామని నోటిదాకా వచ్చింది. పిలవలేదు.

మూడు రోజులు ఎవరూ రాలేదు. లేత్ తుడిచిందే తుడిచాను.

నాలుగో రోజు ఆయన వచ్చాడు. అదే స్క్రూ, దానితో పాటు ఇంకో రెండు విరిగిన ముక్కలు బల్ల మీద పెట్టాడు.

"ఆ తుపాకి తెచ్చినతని తాతదట. అరవై అంటే మారు మాట్లాడకుండా ఇచ్చాడు. ఇన్నేళ్ళూ నేనే అడగలేదు" అన్నాడు.

మూడు ఇరవై డాలర్ల నోట్లు నా చేతిలో పెట్టాడు. నాకు తెలియకుండానే కళ్ళకద్దుకున్నాను.

"అదేమిటి?"

"మా నాన్న అలవాటు."

ఏప్రిల్‌కి లేత్ తన వాయిదా తను సంపాదించుకుంది. చెక్కు రాయడానికి మా ఆవిడ అలవాటుగా పెన్ను తీసింది. ఆ పెన్ను అడిగి తీసుకుని నేను రాశాను.