రెండోసారి నిలబడ్డ సంవత్సరం

మొదటిసారి నేను గెలిచింది ఒక్క మాట మీద. ప్రొద్దుటూరులో మా పీజీ కాలేజీ ఉదయం తొమ్మిదికి మొదలయ్యేది. పులివెందుల నుంచి వచ్చే బస్సు ముద్దనూరు దాటి, కలమల్ల దగ్గర కరెంటు ఫ్యాక్టరీ బూడిద లారీల వెనక పడిందంటే తొమ్మిదిన్నరకు గానీ చేరదు. అందులో వచ్చేవాళ్లకు రోజూ మొదటి క్లాసు పోయేది, దాంతోపాటు హాజరూ పోయేది. పీజీ విద్యార్థుల సంఘానికి అధ్యక్షురాలిగా నన్ను ఎన్నుకుంటే కాలేజీ టైము మార్పిస్తానన్నాను. ఎన్నుకున్నారు. మార్పించాను. సంక్రాంతి సెలవుల తర్వాత నుంచి కాలేజీ తొమ్మిదీ ముప్పావుకు మొదలై నాలుగుంబావుకు వదలడం మొదలైంది.

ఆ వారం నేను నేల మీద నడవలేదు. మాది జమ్మలమడుగు. డిగ్రీ అయ్యాక రెండేళ్లు ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పి పీజీలో చేరాను కాబట్టి క్లాసులో చాలామంది నన్ను అక్కా అనేవాళ్లు. అప్పటి నుంచి ప్రెసిడెంటక్కనయ్యాను. పులివెందుల బస్సు దిగేవాళ్లు గేటు దగ్గర నన్ను చూసి చేతులెత్తేవాళ్లు. ఫోన్ మోగుతూనే ఉండేది. మోగకపోతే తీసి చూసుకునేదాన్ని.

ఏడాది తిరిగి కార్తీకం వచ్చింది, మళ్లీ ఎన్నికలన్నారు. నేను ఒక్కరినీ అడగకుండా నామినేషన్ ఫారం తెచ్చుకున్నాను.

మా నాన్న ప్రైమరీ స్కూలు టీచరు. ఆ రోజు సాయంత్రం పిల్లల నోటు పుస్తకాలు దిద్దుకుంటూ తలెత్తకుండానే అడిగాడు.

"మల్లా ఏంటికి మ్మా? ఒకసారి అయినావు గదా. పరీక్షలు సూసుకో."

"ఇంగా పనులుండాయి నాయనా."

"ఏం పనులు?"

హాస్టల్లో నీళ్లన్నాను, లైబ్రరీ ఆదివారం కూడా తెరిపించాలన్నాను. అవి అబద్ధాలు కావు. కానీ ఆయన అడిగింది అది కాదని నాకూ తెలుసు. ఆయన ఎర్రపెన్ను మూత పెట్టి ఒకసారి నా వైపు చూసి, మళ్లీ పుస్తకాల్లోకి తల దించుకున్నాడు.

పోటీగా నిలబడింది మా ఉపాధ్యక్షుడే. సింహాద్రిపురం అతను, పులివెందుల బస్సులోనే వచ్చేవాడు. వాళ్లింట్లో తాతల కాలం నుంచి ఎవరో ఒకరు సర్పంచు అవుతూనే ఉన్నారు. మనిషి మాత్రం నెమ్మది, గొంతు పెంచడు. నామినేషన్ వేసిన రోజు క్యాంటీన్లో నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"అక్కా, నీ మీద నాకేం లేదు. మావోళ్లు నిలబడమంటాండారు."

"నిలబడప్పా, దాందేముంది," అన్నాను. నవ్వాననుకుంటాను. టీ సగంలో వదిలేసి లేచాను.

మా కాలేజీలో ఓట్లు బస్సుల వారీగా పడతాయి. పులివెందుల బస్సు, జమ్మలమడుగు బస్సు, ఊళ్లోవాళ్లు. ఇందులో కులం కూడా ఉంది, ఎవరూ పైకి అనరు గానీ బస్సు పేరు చెప్పేటప్పుడు అది కూడా చెప్పినట్టే. పోయినసారి పులివెందుల బస్సు మొత్తం నాకే వేసింది. ఈసారి వాళ్ల మనిషే నిలబడ్డాడు. నేను చేసిన పని చూసి వేస్తారా, వాళ్ల మనిషని అతనికి వేస్తారా? క్లాసులో కూర్చుంటే లెక్చరర్ మాటలు వినిపించేవి కావు. ఇంట్లో అన్నం కంచం ముందు కూర్చుని ఎవరెవరు అటు, ఎవరెవరు ఇటు అని మనసులో వేరు చేసుకుంటూ ఉండేదాన్ని. అమ్మ రెండోసారి పిలిస్తే గానీ పలికేదాన్ని కాదు. చర్చిలో ప్రార్థన జరుగుతుంటే కూడా ఒళ్లో ఫోన్ వెలిగిందేమోనని కన్ను తెరిచి చూశాను.

మా ప్రచారమంతా హాస్టల్లో ఉండే నా స్నేహితురాలు చూసుకునేది. ఆమె ఓటర్ల జాబితా తెచ్చి జమ్మలమడుగు బస్సువాళ్ల పేర్ల పక్కన టిక్కులు పెడుతోంది. తెలుగు శాఖ రెండో సంవత్సరం పేర్లలో ఒకదాని మీద గీత కొట్టి ఉంది.

"ఈమె ఎవరు?" అన్నాను.

"మానేసింది గదా అక్కా. మీ బస్సులోనే వచ్చేది. నీకు తెలీదా?"

తెలుసు. పెద్దముడియం అవతల చిన్న పల్లె నుంచి వచ్చే అమ్మాయి. జమ్మలమడుగులో మా బస్సెక్కి డ్రైవరు వెనక మూడో సీటులో కూర్చునేది. మొదటిసారి నిలబడ్డప్పుడు నాకోసం పోస్టర్లు రాసింది, ఆమె దస్తూరి అచ్చు గుద్దినట్టు ఉంటుంది. ఆమె రావడం లేదని తొమ్మిది నెలలుగా నేను గమనించలేదు.

"ఎప్పుడు మానేసింది?"

"టైము మారినాక కొన్నాళ్లకు." ఆమె నా మొహం చూసి మళ్లీ టిక్కుల్లో పడింది.

ఆ ఆదివారం ఆరాధన అయిపోగానే పెద్దముడియం బస్సెక్కాను. అక్కడి నుంచి ఆటోలో వాళ్ల పల్లెకు. ఇంట్లో వాళ్లమ్మ ఉంది. కూతురు చేను దగ్గర ఉందని దారి చూపించింది. నల్లరేగడి మీద శనగ అప్పుడే జానెడు లేచింది. ఆ అమ్మాయి ఇంకో ఇద్దరు ఆడవాళ్లతో కలిసి కలుపు తీస్తోంది. నన్ను చూసి లేచి నిలబడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"అక్కా, నువ్వా! ఈడికెట్ల వచ్చినావు?"

"నిన్ను సూడల్లనే వచ్చినా. కాలేజీ ఏంటికి మానేసినావు మ్మే?"

ఆమె గట్టు మీదకు వచ్చి కూర్చున్నాక చెప్పింది. మునుపు మూడున్నరకు కాలేజీ వదిలితే జమ్మలమడుగులో నాలుగూ ముప్పావుకు వాళ్ల పల్లె బస్సు అందేది. టైము మారాక అది అందలేదు. తర్వాతి బస్సు ఆరున్నరకు, అదీ పెద్దముడియం దాకానే. అక్కడి నుంచి చీకట్లో మూడు కిలోమీటర్లు. నెల రోజులు వాళ్ల నాన్న పని వదులుకుని వచ్చి తీసుకెళ్లాడు. తర్వాత ఆయన వల్ల కాలేదు. ఇంక చాల్లే అన్నాడు.

"నాకు ఒక మాట చెప్పింటే..."

"చెప్పినాను గదక్కా." కోపంగా అనలేదు. "రెండుసార్లు మెసేజ్ పెట్టినా. నువ్వు బొటనవేలు బొమ్మ పెట్టినావు. సరే, అక్క సూస్తాంది అనుకున్యా."

అక్కడే ఫోన్ తీసి వెతికాను. రెండు మెసేజులూ ఉన్నాయి, వాటి కింద నా బొటనవేళ్లూ ఉన్నాయి. ఎప్పుడు పెట్టానో గుర్తే లేదు. ఆ రోజుల్లో వచ్చిన ప్రతి మెసేజ్‌కీ అదే పెట్టేదాన్ని.

తప్పయిపోయిందన్నాను. ఆమె "ఊరికుండక్కా" అంది. అని, నేను వచ్చింది దేనికో తేల్చుకోవాలన్నట్టు అడిగింది: "మల్లా నిలబడతాండావంటనే?"

అవునన్నాను. ఆమె లేచి చేలోకి వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున్నే ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను. దూరపు పల్లెల బస్సు పట్టుకోవలసిన వాళ్లను చివరి పీరియడ్ నుంచి పంపించాలని, ఆ హాజరు పోకుండా చూడాలని అర్జీ రాసుకుని వెళ్లాను. ఆయన చదివి పక్కన పెట్టారు. "ఎన్నికల ముందు ఇలాంటివి తీసుకోనమ్మా. రేపు ఓట్ల కోసం చేశానంటారు. ఎవరు గెలిస్తే వాళ్లను తెమ్మను," అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. అందుకే ఇంకా చిరాకేసింది. ఆ రోజంతా ఏ క్లాసులోనూ కూర్చోలేకపోయాను. మెట్లెక్కడం, దిగడం.

పోలింగ్ ముందు రోజు అభ్యర్థులు సభలో మాట్లాడాలి. నా స్నేహితురాలు ప్రసంగం రాసిచ్చింది. మొదటి మాటే కాలేజీ టైము మార్పించిన ఘనత. వేదిక ఎక్కాక ఆ కాగితం తెరవలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. టైము మార్చినప్పుడు సాయంత్రం బస్సుల గురించి నేను ఎవరినీ అడగలేదని, దానివల్ల ఒకమ్మాయి చదువు ఆగిందని, ఆమె చెప్పినా నేను వినలేదని చెప్పాను. ఆమె పేరు చెప్పలేదు. హాల్లో వెనక నుంచి ఎవరో అరిచారు.

"అంటే మల్లా తొమ్మిదికే పెడతావా?"

పులివెందుల బస్సువాళ్ల వరుసల్లో గుసగుస మొదలైంది. టైము అలాగే ఉంటుందని, అవసరమైన వాళ్లకు మాత్రం చివరి పీరియడ్ వదలమని అడుగుతానని చెప్పాను. ఎంతమంది విన్నారో తెలియదు. దిగి వచ్చాక నా స్నేహితురాలు తల పట్టుకుని కూర్చుంది.

"ఎవురన్నా అడిగినారా అక్కా నిన్ను? ఎన్నికలైపోయినాక చెప్పుకోకూడదా?"

ఓడిపోయాను. పెద్ద తేడాతో కాదు. పులివెందుల బస్సు దాదాపు మొత్తం అతనికే పడింది. నా మాటల వల్లే పడిందో, ఎటూ అతనికే పడేదో ఇప్పటికీ తెలియదు. నిజం చెప్పినందుకు మనసు తేలికపడిందని రాస్తే బాగుంటుంది, కానీ పడలేదు. ఫలితం చెప్పాక ఆడపిల్లల గదిలోకి వెళ్లి ఏడ్చాను. ఏడ్చింది ఆ అమ్మాయి కోసం కాదు, ఓడిపోయినందుకే. మొహం కడుక్కుంటూ అది తెలిసి సిగ్గేసింది.

రెండు రోజులు ఇంట్లోనే ఉన్నాను. మూడో రోజు అర్జీ తీసుకుని కొత్త అధ్యక్షుడి దగ్గరకు వెళ్లాను. చుట్టూ పూలదండల వాసన, ఫోటోలు తీసుకునేవాళ్లు. నన్ను చూసి అతను జనాన్ని పక్కకు తప్పించి వచ్చాడు.

"ఇది నీ పేరు మీద ఇయ్యల్ల అప్పా," అన్నాను.

అతను నిలబడే చదివాడు. "మావోళ్లకు టైము మారదు గదక్కా?"

"మారదు."

"అట్లయితే ఏముంది." జేబులో పెన్ను తీసి గోడకు ఆనించి సంతకం చేశాడు. "నువ్వూ రా, ఇద్దరం పోదాం. ప్రిన్సిపాల్‌తో మాట్లాడేది నీకే వచ్చు."

ఇద్దరం వెళ్లాం. వారం తర్వాత నోటీసు బోర్డులో ఆర్డరు పెట్టారు. కింద అతని పేరే ఉంది, సంఘం అధ్యక్షుడి వినతి మేరకు అని. ఆ బోర్డు ముందు నుంచి నేను రోజుకు నాలుగుసార్లు నడిచేదాన్ని. ప్రతిసారీ ఆ పేరు మీదకే చూపు పోయేది.

ఆ అమ్మాయి ఇంటికి ఇంకో రెండుసార్లు వెళ్లాను. రెండోసారి వాళ్ల నాన్న ఉన్నాడు. ఆర్డరు కాగితం ఫోటో చూపిస్తే కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివాడు.

"మల్లా మార్చరని ఏం నమ్మకం మ్మా?"

"మార్చితే నేనే వచ్చి చెప్తా పెద్దాయనా," అన్నాను. అంతకంటే పెద్ద మాట ఇవ్వడానికి నాకు ధైర్యం చాలలేదు.

రెండో సెమిస్టర్ మొదలైనప్పుడు ఆమె జూనియర్లతో కలిసి మళ్లీ చేరింది. ఒక సంవత్సరం పోయింది, అది ఎవరూ తిరిగి ఇవ్వలేరు. మొదటి రోజు బస్సెక్కి నన్ను చూసి తలూపింది గానీ నా పక్కకు రాలేదు. వెనక ఎక్కడో ఇద్దరు జూనియర్ల మధ్య ఇరుక్కుని కూర్చుంది. ప్రొద్దుటూరు దగ్గర పడుతుండగా వాళ్ల నవ్వులు వినిపించాయి, అందులో ఆమెదీ ఒకటి. దిగి గేటు దాకా ముగ్గురూ నాకంటే ముందే నడిచారు. క్లాసుకు వేళవుతోందని నేను కూడా అడుగులు కాస్త వేగంగా వేశాను.