తగినంత ఉప్పు

“ఉప్పు ఎంత అంటే ‘తగినంత’ ఏంటి నానమ్మా? నంబర్ చెప్పు!”

“నా చేతికి తెలుసే, నంబరుకు తెలీదు. నీ యంత్రానికి నాలుకుందా?”

“దానికి టంగ్ అక్కర్లేదు. నంబర్ కావాలి!”

“అయితే అది వండిన పులిహోర నువ్వే తిను.”

ఈ గొడవలో గెలిచింది నేనే. గెలిచి, గుడిలో రెండొందల మంది నోట్లో మట్టి, కాదు కాదు, ఉప్పు కొట్టబోయాను. అప్పటికి నాకు అరవై ఎనిమిదే లెండి. దుడుకు వయసు.

మా మనవరాలు మేఘన పరదేశంలో, ఈ పిస్కాటవే ఊళ్లోనే కాలేజీ ఆఖరి ఏడు చదువుతోంది. గుడి వంటకు ఏ సరుకు ఎంత తేవాలో తేల్చే లెక్క ఒకటి కట్టింది. ఆ లెక్కకు ఒక భాష, దుకాణం కంప్యూటరుకు మరో భాష. ఎడమొహం పెడమొహంగా ఉన్న తోడికోడళ్లలాంటి ఆ రెండింటి మధ్య మేఘన ఒక దుబాసీని పెట్టింది. మనం గడుల్లో అంకెలు నింపితే లెక్క తేలుతుంది, ఎవరూ ఫోన్ చేయకుండానే దుకాణం నుంచి బండి వస్తుంది. ఆదివారం వాళ్ల ప్రొఫెసరమ్మ గుడికొచ్చి ఇదంతా చూసి, పులిహోర తిని, సరే అంటేనే పిల్ల పాసవుతుంది.

శనివారం పొద్దున గడులు నింపే పని నాకప్పగించి మేఘన స్నానానికి వెళ్లింది. ఐదో తరగతితో బడి మానేసినా అంకెలకు నేను భయపడే మనిషిని కాను. బియ్యం “కనీసం” గడిలో ఐదు కిలోలని వేశాను. తక్కువ రాస్తే పొదుపు కదా! ఉప్పు “గరిష్ఠం” గడిలో “తగినంత” అని రాస్తే గడి ఎర్రబడింది. నాకు తిక్క పుట్టి చెరిపేసి, ఖాళీగా వదిలేశాను. పంపు అన్న బొత్తాం కూడా నేనే నొక్కాను. అంత చురుకు.

మధ్యాహ్నం గుడి ముందు బండి ఆగింది. ఐదు కిలోల బియ్యం దిగింది. చింతపండు, నూనె, పల్లీలు అన్నీ కలిపి మూడు కిలోలు. తర్వాత ఉప్పు దిగింది. ఇంకా దిగింది. ఇరవై రెండు కిలోలు!

“వాట్ ఈజ్ దిస్, నానమ్మా?”

“నన్నడుగుతావేం? నీ లెక్కనే అడుగు.”

మేఘన లాప్‌టాప్ తెరిచి చూసి తల పట్టుకుంది. “మొత్తం ముప్పై కిలోలు కావాలి, చీప్‌గా కావాలి అని చెప్పాను దానికి. అన్నిటికన్నా చీప్ సాల్టే! బ్లాంక్ పెడితే లిమిట్ లేదు అని దానికి అర్థం!”

“ఖాళీ అంటే తగినంత అని కాదుటే?”

“కాదు! ఎంతైనా అని!”

ఉప్పు “అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు” అంటుందంటారు. ఈ యంత్రం అన్నీ తీసేసి దాన్నే వేసింది. నవ్వబోయాను గానీ పిల్ల కళ్లలో నీళ్లు చూసి కొంగు అందించాను.

“రేపు నేను ఫెయిల్ అవుతాను, నానమ్మా.”

“నోర్ముయ్. తక్కెడ తే.”

గుడి వంటింట్లో ఎలక్ట్రానిక్ తక్కెడ మీద గిన్నె పెట్టించి, రెండొందల మందికి వేసినట్టే పిడికిలి తర్వాత పిడికిలి ఉప్పు వేశాను. పన్నెండో పిడికిలికి చేయి దానంతటదే ఆగింది. ఆరువందల పది గ్రాములు.

“ఇన్నేళ్లు ఈ నంబర్ నీ చేతిలోనే దాచావా?” అంది మేఘన, ముక్కు తుడుచుకుంటూ.

“అడిగిన వాళ్లెవరే?”

“నేను అడిగాను! మార్నింగంతా అడిగాను!”

నేను చేయి కడుక్కుని వచ్చేశాను. మేఘన నన్ను పక్కన కూర్చోబెట్టి బియ్యం గడిలో ఇరవై కిలోలని, ఉప్పు గరిష్ఠం గడిలో ఆ ఆరువందల పది గ్రాములని వేయించింది. గుడిలో ఇప్పటికే ఉన్న సరుకెంతో రాసే గడి కూడా ఉందట, అందులో బియ్యం ఐదు, ఉప్పు ఇరవై రెండు కిలోలని నా చేతే కొట్టించి, పంపు బొత్తాం మాత్రం తనే నొక్కింది. ఆనక దేవుడి ఎదుట నిలబడి ప్రమాణం చేశాను: “స్వామీ, కూరలో ఉప్పు మానమన్నా మానేస్తాను గానీ, ఈ జన్మలో గడి ఖాళీగా వదలను.”

మర్నాడు పొద్దున బండి మళ్లీ వచ్చింది. మిగతా బియ్యం దిగింది, కావలసినంత చింతపండు, నూనె, పల్లీలు దిగాయి. ఉప్పు ఒక్క పొట్లం కూడా దిగలేదు. ప్రొఫెసరమ్మ పులిహోర రెండోసారి పెట్టించుకుని, వెళ్తూ వెళ్తూ రెండు కిలోల ఉప్పు పట్టుకుపోయింది.