పైడమ్మ గొర్రెలకి పొయ్యని మందు

ఈ మాట కడుపులో పెట్టుకునే ముసలిదాన్నైపోయినాను. ఇంట్లో ఎవరికీ తెలీదు. నీకు రాసి చెప్తన్నాను.

అప్పుడు ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. మా ఆయనా, పక్కింటి పైడమ్మ మొగుడూ వర్క్‌షాపులో ఖలాసీలు. రెండిళ్లకీ కాసిని గొర్రెలుండేవి, సాలువా వైపు బీళ్లలో కలిపి మేపుకునేవాళ్లం. ఒక ఏడు వానలకి అన్నిటికీ పారుడు పట్టింది. దవడల కింద నీరు దిగి సంచుల్లాగ వేలాడినాయి. కడుపులో నట్టలున్నాయని పశువుల ఆసుపత్రి కంపౌండర్ దాదా రెండిళ్లకీ సరిపడా పొడి ఇచ్చినాడు. నీళ్లలో కలిపి పట్టమన్నాడు. తర్వాత ఉచ్చ ఎర్రగా పడితే భయపడొద్దన్నాడు.

పైడమ్మ మొగుడు కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు. ఆయన లేచి నడిస్తే పొట్టేలుని అమ్మోరికిస్తానని ఆమె మొక్కుకుంది. మందు నన్నే పొయ్యమని చెప్పి ఆయన దగ్గరకెళ్లిపోయింది.

మా వాటికి పోసినాను. ఆమె వంతు పొడి చేతిలో మిగిలింది. వచ్చే వానలకి మళ్లీ నట్టలు పడితే ఎవరిస్తారు? గంజి కూడా పారబొయ్యని దాన్ని నేను. పొడి డబ్బాలో దాచేసి, ఆమె గొర్రెలకి వెదురు గొట్టంతో గంజినీళ్లు పోసినాను. దొంగతనమని అప్పుడు అనిపించలేదు. మరి గొట్టం ఎందుకు పట్టుకున్నాను? చూసినోళ్లు మందే అనుకోవాలనే కదా.

మర్నాడు పైడమ్మ వచ్చి నేల చూసింది.

"వదినా, మీ వాటికి ఎర్రగా పడతంది. మా వాటికి పడలేదేటి?"

"ఒక్కోదాని ఒళ్లు ఒక్కోలాగుంటాది. నీ గొర్రెలకి సరిగ్గా మింగడం కూడా రాదు, సగం ఒలకబోసుకున్నాయి."

"నాలాగే తయారైనాయి," అని నవ్వేసింది.

ఆ నవ్వే నన్ను వదల్లేదు.

ఆమె మొగుడు లేచి నడిచినాడు. జబ్బు పొట్టేలుని అమ్మోరికి ఇయ్యకూడదు, కోలుకోనీ అని ఆమె ఆగింది. అది కోలుకోలేదు. మిగతావన్నీ పోయినాక అదీ పోయింది. మొక్కు ఆపినందుకే అమ్మోరు కోపగించిందా అని వచ్చి నన్నడిగింది. నేను అవునన్నాను. ఊరుకున్నా సరిపోయేది, అవునని ఎందుకన్నాను? నా మీదికి రాకుండా ఉంటే చాలనుకున్నాను, అది ఎవరి మీదికి పోతందో చూసుకోలేదు.

ఆ తర్వాత మొగుడికి కాలు నొప్పెట్టినప్పుడల్లా తన తప్పేనని ఉపాసాలుండేది. నేను గోడకివతల అన్నం తినేదాన్ని. దాచిన పొడి మరుసటి వానలకి తేమ తగిలి గడ్డకట్టింది. నా చేతులారా పారబోసినాను.

పైడమ్మ ఇప్పుడు లేదు. అమ్మోరి దగ్గర తప్పు చేసినాననుకుంటూనే పోయింది. నన్ను క్షమించమని నిన్నడగను, అది నీ చేతిలో లేదు. ఆమెతో అనాల్సిన మాట ఒక్కసారి రాసుకుంటాను.

పైడమ్మా, అమ్మోరికి నీ మీద కోపం లేదు. నీ గొర్రెలకి నేను గంజినీళ్లు పోసినాను.