బంతి రాని వైపు పరుగు

నా చిన్నప్పుడు అమెరికాలో, ఇర్వింగ్ అనే ఊళ్ళో మేమున్న అపార్ట్‌మెంట్ల వెనక పెద్ద గడ్డి మైదానం ఒకటుండేది. ఏటా నవంబరులో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ రోజున ఊళ్ళో ఉన్న కొద్దిపాటి తెలుగు కుటుంబాలూ మా ఇంటికే భోజనానికి వచ్చేవి. పులిహోర, గారెలు తిని పెద్దవాళ్ళు కబుర్లలో పడగానే పిల్లలం ఆ మైదానానికి పరుగో పరుగు. అక్కడ ఎదురు వీధి అమెరికన్ పిల్లలు మా కోసం కాచుకుని ఉండేవారు. ఫుట్‌బాల్ ఆడేవాళ్ళం. కాలితో తన్నే ఆట కాదు, రెండు కొసలా మొనదేలిన బంతిని విసిరి, పట్టుకుని పరిగెత్తే అమెరికా ఆట. ఒకళ్ళనొకళ్ళు కింద పడదోసుకోకూడదని మా అమ్మల ఆజ్ఞ. అందుకని బంతి ఉన్నవాళ్ళని రెండు చేతులా ముట్టుకుంటే చాలు, పరుగు అక్కడికి ఆగినట్టే. ఒక్కో జట్టుకీ వరసగా నాలుగు ప్రయత్నాలు. ఆలోగా బంతితో అవతలి గీత దాటితే టచ్‌డౌన్.

ఏళ్ళ తరబడి ఆడుతున్నా మా జట్టుకి ఒక్క టచ్‌డౌన్ లేదు! పోనీ మాకు పరుగు రాదా అంటే, అబ్బో, మా పరుగులు చూసి స్కూల్లో టీచర్లే ముక్కున వేలేసుకునేవారు. బంతి విసిరే పక్కింటి అన్నయ్యది గొప్ప చెయ్యి. అయినా ప్రతిసారీ నాలుగడుగులు ముందుకు, రెండడుగులు వెనక్కి. ఒక్క పెద్ద దెబ్బ, చూసినవాళ్ళు లేచి నిలబడి అరిచేంత దెబ్బ, ఒక్కటి కూడా పడేది కాదు.

మా ఆటలో ఒక మర్యాద ఉండేది. ఒక ఏడాది ఎవరికో బంతి అందలేదని వాళ్ళమ్మ మూతి ముడుచుకుని, స్వీటైనా తినకుండా వెళ్ళిపోయింది. ఆ మరుసటేడు మా అమ్మ పిల్లలందర్నీ నిలబెట్టి వంతులు పెట్టేసింది. ఈసారి వాళ్ళింటి వాళ్ళకి, తరవాత వీళ్ళింటి వాళ్ళకి, అందరికీ అయ్యాక ఇంటివాళ్ళకి. వడ్డనకి ఏ పద్ధతో ఆటకీ అదే. ఇంటిపిల్లని నేను కాబట్టి నా వంతు అందరికన్నా చివర. నా వంతు వచ్చేసరికి చీకటి పడటమో, అవతలివాళ్ళని అమ్మలు పిలవడమో జరిగేది. నాకు ఉక్రోషం పొంగుకొచ్చేది గానీ మా అమ్మతో వాదించే ధైర్యం ఎవరికుంది?

ఆ ఏడాది ఆట మొదలుపెట్టే ముందు ఎదురు వీధి నాయకుడు, ఎర్రజుట్టు అబ్బాయి, మామూలుగా ఒక మాటన్నాడు. మీతో ఆడితే మజా రావడంలేదు, ఈసారి కూడా మీకు ఒక్క టచ్‌డౌన్ రాకపోతే వచ్చే ఏడాది నుంచి మేం వేరే వీధివాళ్ళతో ఆడుకుంటాం అని. వెక్కిరించినా బాధపడకపోదును. పాపం, నిజం చెబుతున్నట్టు చెప్పాడు. ఆ వీధి పిల్లలు మాతో కలిసేది ఆ ఒక్క ఆటలోనే. అది పోతే మళ్ళీ మేం మేమే, వాళ్ళు వాళ్ళే.

ఆ రోజు మా పిన్ని కూడా వచ్చింది. పిన్ని అంటే అమ్మ చెల్లెలు, యూనివర్సిటీలో ఎమ్మెస్ చదవడానికి ఇండియా నుంచి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. కానీ వచ్చిన వారానికే కాలేజీ ఫుట్‌బాల్ పిచ్చి పట్టేసింది. స్టేడియంలో అన్నిటికన్నా పైన ఉండే చవక సీట్లలో కూర్చుని గొంతు పోయేదాకా అరిచి వచ్చేది. భోజనాలయ్యాక ఆమె పెద్దవాళ్ళ కబుర్లలో కూర్చోలేదు. గారె చేతపట్టుకుని రెండో అంతస్తు బాల్కనీలోంచి మా ఆట చూస్తూ నిలబడింది.

పొద్దు వాలుతోంది. వాళ్ళు అప్పటికే గీత చాలాసార్లు దాటేశారు. మాకు చివరి విడత మిగిలింది, అందులో రెండు ప్రయత్నాలు ఇట్టే పోయాయి. అప్పుడు పిన్ని మెట్లు దిగి దడదడా వచ్చింది.

"ఏమర్రా, పైనుంచి చూస్తుంటే బంతి ఎవరికెళ్తుందో నాకే తెలిసిపోతోంది! వంతు ఉన్నవాళ్ళు ఒక్కళ్ళే పరిగెడుతున్నారు. మిగతావాళ్ళు బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడుతున్నారు. అవతలివాళ్ళకేమన్నా కళ్ళు లేవా?" అంది.

అన్నయ్యతో ఏదో గుసగుసలాడింది. తరవాత ఒక్కొక్కళ్ళనీ పక్కకి పిలిచి చెవిలో ఏదో చెప్పింది. నా దగ్గరికొచ్చి భుజాలు పట్టుకుంది. "ఇది నీకే తల్లీ. ఎవ్వరికీ చెప్పకు. కుడివైపు ఆ మూలదాకా వెనక్కి చూడకుండా పరిగెత్తు." నా ఆనందం ఏం చెప్పను! చిన్న వంతు కాదు, నేరుగా టచ్‌డౌన్ వంతు! ఆట నిలబెట్టేది నేనే అనుకున్నాను.

బంతి కదలగానే నేను ప్రాణాలకి తెగించి పరిగెత్తాను. గాలికి జడ వెనక్కి ఎగిరిపోతోంది. ఎర్రజుట్టు అబ్బాయీ, వాళ్ళలో అందరికన్నా వేగంగా పరిగెత్తే ఇంకో పిల్లా నా వెంటపడ్డారు. మూలకి చేరి చేతులు చాచి వెనక్కి తిరిగాను. బంతి నాకు రాలేదు. మైదానం మధ్యలో, మా అందరికన్నా చిన్నది, పైవాటా అంకుల్ వాళ్ళమ్మాయి, కళ్ళజోడు ఎగసిపడుతుంటే బంతిని పొట్టకి అదుముకుని పరిగెడుతోంది! చుట్టూ ఒక్కరు లేరు. గీత ఇంకా కాస్త దూరం ఉందనగా ఎవరో దాన్ని ముట్టుకున్నారు. మా జట్టు చరిత్రలో అంత దూరం ఎప్పుడూ పోలేదు.

నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి "పిన్నీ, నాకే అన్నావుగా!" అని గొంతు చించుకున్నాను. అంతలో ఇంకొకడు "నాకే అన్నారు ఆంటీ!" అన్నాడు. మరొకతి "లేదు, నాకు ప్రామిస్ చేశారు!" అంది. అప్పుడు గానీ మాకు తెలియలేదు, పిన్ని ప్రతి ఒక్కరికీ అదే మాట చెప్పిందని.

ఆవిడకి సిగ్గూ లేదు, బెదురూ లేదు. పకపకా నవ్వింది.

"అవును, అందరికీ అబద్ధమే చెప్పా. లేకపోతే పరిగెత్తేవాళ్ళా మీరు? వాళ్ళలో గట్టివాళ్ళిద్దరూ దీని వెంటపడ్డారు. అందుకే చిన్నదానికి అంత మైదానం ఖాళీగా దొరికింది. బంతి పట్టుకుంది చిన్నదే, కానీ దారి ఇచ్చింది ఇది!" అని నా జడ లాగింది.

ఇప్పుడు నాకు మనవలున్నారు. శనివారాలు మా అబ్బాయింట్లో అందరం టీవీ ముందు కూర్చుంటాం. ఈ ఏడాది మా యూనివర్సిటీ జట్టుకి బిగ్ ప్లేలు, అంటే ఒక్క విసురుకి మైదానం సగం దాటే దెబ్బలు, రావడంలేదని అందరికీ ఒకటే గోల. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కి దూరం విసిరే ధైర్యం లేదంటాడు మా అబ్బాయి. ముందు కాచేవాళ్ళు అతనికి ఊపిరి తీసుకునే వ్యవధి కూడా ఇవ్వడంలేదంటుంది కోడలు. అవతలివాళ్ళు ఇద్దరిని బాగా వెనక కాపలా పెట్టి, పొట్టి పొట్టి పాసులు మీ ఇష్టం, పొడుగువి మాత్రం కుదరవు అంటున్నారని టీవీలో పెద్దమనుషుల మాట. అన్నీ నిజమే, కాదనను. కానీ నేను మాత్రం సోఫాలోంచి లేచి "ఒరేయ్, బంతి వెళ్ళని వైపు చూపించండ్రా! ఆ చివరవాడు పరిగెడుతున్నాడో, షికారు చేస్తున్నాడో చూపించండి!" అని కేకలు పెడతాను. కెమెరా బంతి వెనకే పోతుంది కదా, అవి చూపించరు. బంతి రాదని తెలిసి సగం వేగంతో పరిగెత్తేవాణ్ణి చూసి వెనకున్న కాపలావాడు ఎందుకు కదులుతాడు? వాడు కదలకపోతే అవతల దారి ఎక్కణ్ణుంచి వస్తుంది? మనవలు నవ్వి "నానమ్మా, చిల్!" అంటారు. చిల్లూ లేదు, గిల్లూ లేదు. నాకు ఆ మైదానంలో చివరి ప్రయత్నమే గుర్తొస్తుంది.

అవును, ఒక్క ప్రయత్నం మిగిలింది. చీకట్లు ముసురుతున్నాయి. పిన్ని అందర్నీ దగ్గరికి పిలిచింది. చిన్నదాని పరుగు సగంలో ఆగింది కాబట్టి దాని వంతు ఇంకా పూర్తికాలేదని తీర్పు చెప్పింది. మా అమ్మ పద్ధతి కూడా తప్పకుండా చూసుకుంది, గడుసుది! "ఈసారి అబద్ధాల్లేవు. బంతి చిన్నదానికే. మిగతావాళ్ళు పరిగెడతారో, మానేస్తారో మీ ఇష్టం" అని చేతులు దులుపుకుని పక్కకి వెళ్ళిపోయింది.

నేను నా చోట నిలబడ్డాను. రాని బంతి కోసం ఎందుకు పరిగెత్తాలి? ఇంటిపిల్లనని అన్నిటికీ నేనే చివరా? తల ఎత్తేసరికి ఎదురుగా ఎర్రజుట్టు అబ్బాయి కనిపించాడు. వాడు నా మొహం చూడటంలేదు. బంతివైపూ చూడటంలేదు. నా కాళ్ళవైపు చూస్తున్నాడు. నేను పరిగెడతానా, లేదా అని! పరిగెత్తకపోతే వాడు నన్నొదిలేసి చిన్నదాని మీదికి పోతాడు. అంతే, ఆట అయిపోతుంది. వచ్చే ఏడాది ఈ మైదానంలో ఎవరూ ఉండరు. పిన్ని చెప్పినప్పుడు తలకెక్కనిది, వాడి చూపు చూశాక ఠక్కున తలకెక్కింది.

బంతి కదిలింది. నేను దూకాను. ఇందాకటికన్నా గట్టిగా, చేతులు పైకెత్తి, బంతి నాకే వస్తున్నట్టు "ఇటు, ఇటు!" అని అరుస్తూ పరిగెత్తాను. వెనక అడుగుల చప్పుడు వినిపిస్తోంది. రండి, ఇంకా రండి అనుకున్నాను. మూల దాటి, గీత దాటి, ఆగలేక చివరనున్న కంచెకి గుద్దుకుని గడ్డిలో బోర్లా పడ్డాను. ఎర్రజుట్టు అబ్బాయి నా మీద పడబోయి తమాయించుకున్నాడు.

అప్పుడు వినిపించింది. నా వెనక, మైదానానికి అవతలి పక్క నుంచి, ఒక్కసారిగా కేక. పిల్లలందరి కేక. దాని మీద పిన్ని "ఓరి నాయనోయ్!" అని పెట్టిన గావుకేక. బాల్కనీల్లోకి పరిగెత్తుకొచ్చిన అమ్మల, నాన్నల చప్పట్లు. మా మొట్టమొదటి టచ్‌డౌన్‌ని నేను చూడలేదు. కళ్ళజోడు పిల్ల గీత ఎలా దాటిందో, బంతిని నేలకేసి ఎలా కొట్టిందో అందరూ చూశారు, మేమిద్దరం తప్ప. ఎర్రజుట్టు అబ్బాయి రొప్పుతూ నాకు చెయ్యందించి లేపాడు. నీకు బంతి రాదని నీకు ముందే తెలుసా అని అడిగాడు. తెలుసన్నాను. వాడు మైదానం వైపు తిరుగుతూ, వచ్చే ఏడాది ఇంకాస్త తొందరగా మొదలెడదాం, వెలుగుండగానే అన్నాడు.

ఆ తరవాత ఎన్నో పనుల్లో చెయ్యి వేశాను. హాస్పిటల్లో ఉద్యోగం చేసినన్నాళ్ళూ, పిల్లల్ని పెంచినన్నాళ్ళూ, చాలాసార్లు బంతి నా వైపు రాదని ముందే తెలుసు. ఉక్రోషం రాలేదని చెప్పను, ఇప్పటికీ వస్తుంది. కానీ కాళ్ళు ఆగవు. ఎక్కడో నా వెనక, నేను చూడని చోట, మనవాళ్ళ కేక వినిపిస్తుంది. వెనక్కి తిరిగి చూడక్కర్లేదు. గెలిచింది మనమేనని నాకు తెలిసిపోతుంది.