దుల్హా బండికి కొత్త చక్రాలు

మా కాలనీలో ఎవరైనా కారుకు అల్లాయ్ చక్రాలు వేయిస్తానంటే నేను రంగు అడగను, డిజైన్ అడగను. మీ చుట్టాల్లో బాగా లావుగా ఉండేదెవరు, వాళ్లు ఏ సీట్లో కూర్చుంటారు అని అడుగుతాను. నవ్వుతారు. నవ్వనీ. ఒకప్పుడు నేనూ ఇలాగే నవ్వాను.

ఇబ్రహీంపట్నంలో మా ఇల్లూ నా దోస్తు ఇల్లూ గోడకు గోడ. మాది వ్యవసాయం, వాళ్లది మోటార్లు బాగుచేసే పని. బోరు మోటారు కాలిందంటే చుట్టుపక్కల రైతులు ముందు వాడి షాపు గడపే తొక్కుతారు. మనిషి మంచి దిట్టం. ఇద్దరు పట్టే మోటారును ఒక్కడే ఎత్తుకుని నడుస్తాడు. నా పెళ్లప్పటికి నాకు కారు లేదు. కిరాయి జీపులో నా పక్కన కూర్చుని దారి పొడుగునా వాడిది ఒకటే పాట: "నా షాదీకి కిరాయి బండి వద్దు రా. నువ్వు కారు కొనాలె, నువ్వే నడపాలె, నేను దాంట్లకెల్లి దుల్హాలెక్క దిగాలె." సరే అన్నాను. చేతిలో చేయి వేసి మరీ అన్నాను.

కొన్నాళ్లకు సెకండ్ హ్యాండులో చిన్న తెల్ల కారు కొన్నాను. వాడికి జల్‌పల్లి అమ్మాయితో సంబంధం కుదిరింది. కుదిరిన మర్నాడే వచ్చి నా కారు చుట్టూ తిరిగి, చక్రాన్ని చెప్పుకాలితో తన్నాడు.

"గీ ఇనుప రిమ్ములేంది రా? మస్తు తుప్పు పట్టినయ్. గీటి మీద పోతే పిల్ల తరపోళ్లు ఏమనుకుంటరు?"

ఇంకెవరైనా నా కారును తన్ని ఉంటే ఊరుకునేవాణ్ని కాదు. వాడు కాబట్టి, పెళ్లికొడుకు కాబట్టి, మింగాను. పైగా నాకూ లోపల సోకు ఉంది. ఆ వారమంతా ఫోనులో వీడియోలు చూసి సగం మెకానిక్ అయిపోయాను. నాలుగు బోల్టుల బండికి నాలుగు రంధ్రాల రిమ్మే కావాలి, ఆ రంధ్రాల మధ్య దూరం కూడా కలవాలి. మధ్యలో ఉండే పెద్ద రంధ్రం సరిగ్గా కూర్చోకపోతే వేగం పెరిగినప్పుడు స్టీరింగ్ వణుకుతుంది. రిమ్ము పెద్దదైతే టైరు పలచబడాలి, మొత్తం ఎత్తు పాతదానంతే ఉండాలి, లేకపోతే స్పీడు మీటర్ అబద్ధం చెబుతుంది. భోజనం దగ్గర కూడా ఇదే మాట్లాడుతుంటే, పెళ్లి ఆ పిల్లవాడిదా మీ చక్రాలదా అని మా ఆవిడ అడిగింది.

సాగర్ రోడ్డు మీద చక్రాల షాపుకు ఇద్దరం వెళ్లాం. షాపాయన రెండు రకాలు ముందు పెట్టాడు. ఒకటి మడ్‌గార్డ్ లోపలికి బుద్ధిగా కూర్చునేది. రెండోది వెడల్పుగా బయటికి తోసుకొచ్చేది, పహిల్వాన్ భుజాల్లాగా.

"లోపలికి కూసునేదే తీస్కోన్రి," అన్నాడాయన. "బయటికొచ్చేది సోకుకే. మంది ఎక్కితే బండి కిందికి కూసుంటది, టైరుకు మడ్‌గార్డ్ రాస్తది."

మా దోస్తు చూపు అప్పటికే పహిల్వాన్ దగ్గర ఆగిపోయింది. నాదీ అక్కడే ఉంది.

"బండ్ల ఎంతమంది ఎక్కుతరు?" అని అడిగాడు షాపాయన.

"మేమే అన్నా. నేను, మా ఇంటామె, చిన్న బిడ్డ," అన్నాను.

"దుల్హా బండిల ఎవరెక్కుతరు? దుల్హానే గద," అన్నాడు వాడు.

ఆయన పహిల్వాన్ రకమే బయటికి తీశాడు. చక్రాలు బిగించి, చూసుకుని తీసుకుపోండి అన్నాడు. చూసుకున్నాం కూడా. నేను స్టీరింగ్ దగ్గర, వాడు ముందు సీట్లో, షాపాయన వెనక. స్టీరింగ్ ఆ కొసకూ ఈ కొసకూ తిప్పాను, షాపు ముందున్న స్పీడ్ బ్రేకర్ ఎక్కించి దించాను. చిన్న చప్పుడు కూడా లేదు. చూశారా అన్నట్టు షాపాయన వైపు తిరిగి నవ్వాను.

పెళ్లిరోజు మధ్యాహ్నం జోహర్ నమాజ్ తర్వాత జల్‌పల్లి ఫంక్షన్ హాల్లో నిఖా. పెళ్లి చదివించే ఖాజీ సాబ్‌కు ఆ రోజే ఇంకోచోట ఇంకో నిఖా ఉంది. మనం ఆలస్యం చేస్తే ఆయన అక్కడికి వెళ్లిపోతాడు, ఇక పొద్దుగుంకే మగ్రిబ్ నమాజ్ దాకా పీటల మీద పెళ్లి ఆగినట్టే. వాళ్ల అమ్మీ పొద్దుట్నుంచి నాకు ఇదే చెబుతోంది. "నా ఇజ్జత్ నీ చేతిల ఉంది బేటా," అంటోంది.

బస్సులో చుట్టాలంతా, వాళ్లతో మా ఆవిడా బిడ్డా ముందే వెళ్లిపోయారు. మిగిలింది నా కారు, వెనక వాడి మేనమామలు ఎక్కిన ఆటో. నేను కారుకు పూలు కట్టించి, చక్రాలు తుడిచి, అద్దంలో నన్ను నేను చూసుకుని తలుపు తీశాను. దుల్హా ఎక్కాడు. వాడి కుడిపక్క అమ్మీ ఎక్కింది. ఎడమపక్క ఫుప్పీ, అంటే వాడి మేనత్త, ఎక్కింది. ముందు సీట్లో ఖాలా, వాళ్లమ్మ చెల్లెలు, ఒడిలో మనవడితో కూర్చుంది. డిక్కీలో పెళ్లికూతురి బట్టల సూట్‌కేసులు, ఖజూర్ డబ్బాలు, మిఠాయి పళ్లాలు. పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టని నవ్వుకుని బండి తీశాను.

కాలనీ చివరి పెద్ద బ్రేకర్ మీద నా నవ్వు ఆగిపోయింది. వెనక నుంచి గర్ర్‌మని చప్పుడు. దిగి చూస్తే మడ్‌గార్డ్ అంచు టైరును గీరేసింది. మెల్లగా పోదామని ఇంకో నాలుగడుగులు పోనిచ్చాను. ప్రతి గుంతకూ గర్ర్, రబ్బరు కాలిన వాసన. ఇలాగే పోతే ఆదిభట్ల దాటేలోపు టైరు పగిలేలా ఉంది. డిక్కీలో సామాను తీసి ఆటోలో అమ్మీ వాళ్ల తమ్ముళ్ల ఒళ్లో పెట్టాం. అయినా రాస్తూనే ఉంది.

"ఎవరన్న ఒకరు దిగాలె," అన్నాను. "ఆటోల ఒక్కరికి జాగ ఉంది."

"నా చేతుల మీద పెరిగిండు. నేను దిగుడేంది?" అంది ఫుప్పీ.

"దుల్హా బండిల ఖాలా లేకుంటే అవతలోళ్లు ఏమంటరు?" అంది ఖాలా.

అమ్మీని అడిగే ధైర్యం నాకు లేదు. అందరూ అందలమెక్కితే మోసేవాళ్లెవరని ఊరికే అనలేదు పెద్దలు. చెమటలు పడుతున్నాయి, టైము పోతోంది, ఖాజీ సాబ్ కళ్లముందు కనబడుతున్నాడు. అప్పుడు వెనక సీటు మధ్యలోంచి, వాడి ముఖం మీద వేలాడే సెహ్రా పూలు కదిలాయి.

"నేనే దిగుత. మీరు పోన్రి."

ఇంతకీ అందరికంటే బరువు వాడేనని నాకు అప్పుడు తట్టింది. షాపులో వాణ్ని ముందు సీట్లో కూర్చోబెట్టి, బక్కగా ఉండే షాపాయన్ని వెనక కూర్చోబెట్టుకుని మేం టెస్టు చేశాం! విచిత్రం ఏమిటంటే, పెళ్లికొడుకు దిగుతానంటే ఆ ముగ్గురిలో ఒక్కరు కూడా వద్దనలేదు. ఫుప్పీ కాళ్లు చాపుకుని వాడితో "జర జల్దీ రా" అంది. వాడు షేర్వాణీ ఎత్తి పట్టుకుని వెనక ఆటో ఎక్కాడు. నా కారు చప్పుడు చేయకుండా కదిలింది. ఇన్నేళ్లు వాడు ఎదురుచూసిన రోజున వాణ్ని ఆటో ఎక్కించాను కదా అని దారంతా అద్దంలో, వెనకబడిపోతున్న ఆటోనే చూస్తూ నడిపాను.

హాలు ముందు ఆగగానే మర్ఫా డప్పు మోగింది. పెళ్లికూతురి అన్నలు పూలు చల్లుతూ వచ్చి తలుపు తీశారు. ఫుప్పీ దిగింది. అమ్మీ దిగింది. ముందు నుంచి ఖాలా దిగింది. అన్నలు కారులోకి వంగి సీట్ల కింద కూడా చూశారు. మర్ఫా కొట్టేవాళ్ల చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

"దుల్హా ఏడి?"

"వెనక ఆటోల వస్తుండు," అంది ఫుప్పీ, అదేదో మామూలు విషయమైనట్టు.

అమ్మీ నావైపు చూసిన చూపుకు నేను చక్రం కింద దూరిపోదామనుకున్నాను. అంతలో ఆటో వచ్చింది. ఒళ్లో మిఠాయి పళ్లెంతో, సెహ్రాతో వాడు దిగాడు. ఒక్కసారిగా గోల, నవ్వులు. ఏమైందని పెళ్లికూతురి నానీ, అంటే అమ్మమ్మ, అడిగితే అమ్మీ దాచకుండా చెప్పింది. ముసలామె వాడి భుజం తట్టి అందరికీ వినబడేలా అంది:

"ఆడోళ్లను కార్ల కూసోవెట్టి తాను ఆటోల వచ్చినోడు, మా పిల్లను మంచిగ చూసుకుంటడు. నాకిగ ఫికర్ లేదు."

మర్ఫా మళ్లీ మోగింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఖాజీ సాబ్ ఇంకా అక్కడే ఉన్నాడు.

సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే బయల్దేరాం. అమ్మీ, ఫుప్పీ, ఖాలా ఈసారి బస్సెక్కారు. వెనక కొత్త జంట, ముందు తోడుగా నానీ, డిక్కీలో అమ్మాయి పెట్టెలు. దారిలో ప్రతి బ్రేకర్ దగ్గరా వాడు ఊపిరి బిగబట్టడం అద్దంలో కనబడుతోంది. ఎక్కడా చప్పుడు రాలేదు. మా కాలనీ పెద్ద బ్రేకర్ మీద మాత్రం పొద్దున్న చోటే మళ్లీ గర్ర్‌మంది. అలవాటైపోయినవాడిలా మా దోస్తు తలుపు మీద చేయి వేశాడు.

"ఆగు రా, నేను దిగుత."

"జర ఆగున్రి," అంది పెళ్లికూతురు. దారంతటికీ ఆమె మొదటి మాట. "దిగేదుంటే ఇద్దరం దిగుదాం."

ఇద్దరూ దిగారు. మోకాళ్ల నొప్పులని నానీ సీటు వదల్లేదు. కారు సుతారంగా బ్రేకర్ దాటింది. ఇళ్లలోంచి జనం బయటికొచ్చి చూస్తుంటే, సెహ్రా పక్కకు తోసుకుని వాడు, దుపట్టా దుమ్ముకు తగలకుండా పట్టుకుని ఆమె, ఇంటిదాకా నడిచారు. నేను వాళ్ల వెనకే, వాళ్ల నడకకు తగ్గట్టుగా, పూల కారు నడుపుకుంటూ వెళ్లాను.