గోల్ఫ్ గుడారంలో టిష్యూ ప్యాకెట్

సాంబశివరావుకి గోల్ఫ్ అంటే ఇష్టం లేదు. గోల్ఫ్ ఆడేవాళ్ళ పక్కన కనబడటమంటే ఇష్టం. టోవా పాయోలో చాలా ఏళ్ళుగా మా పై అంతస్తులోనే ఉంటున్నాడు కాబట్టి ఈ మాట పూచీపడి చెప్పగలను.

పాయా లేబర్‌లో ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్ విభాగంలో మేనేజరు. పైవాళ్ళంతా శనివారాలు గోల్ఫ్‌కి వెళ్తారని తెలియగానే, పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు తెల్ల ప్యాంటూ, ఒంటి చేతికి తొడుగూ కొన్నాడు. ఎంత నేర్చుకున్నా బంతి లేవలేదు. కర్ర మంచిది కాదన్నాడు, గడ్డి తడిగా ఉందన్నాడు. ఆడలేక మద్దెల ఓడు. అందరూ చౌకగా తినే హాకర్ సెంటర్ పేరెత్తితే మొహం చిట్లించడం మాత్రం చక్కగా ఒంటబట్టింది.

ఈ ఏడు సెంతోసా దీవిలో పెద్ద గోల్ఫ్ పోటీ జరిగింది. ఆఖరి గుంట పక్కన బ్యాంకువాళ్ళు అతిథుల కోసం ఏసీ గుడారం వేసి, ఈయనకీ రెండు పాసులిచ్చారు. అప్పటికి డివిజన్ హెడ్ కుర్చీ ఖాళీగా ఉంది. దానికి ఈయన పేరూ, ఈయన కింద పనిచేసే కౌశల్ పేరూ చూస్తున్నారు. తేల్చేది ఎప్పుడో లండన్ నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన పెద్ద బాస్. ఆయన పక్కన కూర్చుని నాలుగు మాటలాడితే చాలు, ఆ కుర్చీ తనదేనని సాంబశివరావు నమ్మకం.

బయల్దేరేటప్పుడు భార్య అరుంధతి బ్యాగులో టిష్యూ ప్యాకెట్లు వేసుకుంటోంది. ఈ ఊళ్ళో ఖాళీ కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్తే ఆ కుర్చీ మనదే. చోప్ చేయడం అంటారు. ఎంత ఆకలి మీదున్నవాడైనా దాన్ని ముట్టుకోడు.

"అవి తీసెయ్. అక్కడికొచ్చేది హాకర్ సెంటర్ జనం కాదు. పరువు తియ్యకు."

"చెమట తుడుచుకోడానికేనండీ."

అయినా తీయించాడు.

గుడారంలో ముందు వరసలో మూడే కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నడిమి దాని మీద టిష్యూ ప్యాకెట్.

"చూశావా, ఎక్కడికెళ్ళినా ఇవే బుద్ధులు!" అంటూ రెండు వేళ్ళతో ఎత్తి చెత్తబుట్టలో పడేసి అందులో కూర్చున్నాడు.

"ఏమండీ, ఎవరిదో ఏవిటో," అంటున్న అరుంధతిని ఒక పక్కన కూర్చోబెట్టాడు. రెండో పక్క పెద్ద బాస్‌కి.

కాసేపటికి పెద్ద బాస్ ప్లేటు పట్టుకుని వచ్చాడు. "నేను చోప్ చేసి వెళ్ళానే! నా ప్యాకెట్ ఏమైంది?" అని నవ్వుతూ అడిగాడు.

తప్పయింది, నేనే తీశాను అంటే అక్కడితో పోయేది. పక్క కుర్చీ ఖాళీగానే ఉంది. కానీ అంత మాట అనగలిగితే ఆయన సాంబశివరావు ఎందుకవుతాడు? బల్లలు తుడుస్తున్న ముసలి చైనా ఆయన్ని వేలెత్తి చూపించాడు.

"ఆ క్లీనర్ అంకుల్ పడేశాడు సర్. వీళ్ళకి పద్ధతి తెలీదు," అన్నాడు ఇంగ్లీషులో.

బాస్ నవ్వు ఆగిపోయింది. పనివాళ్ళ సూపర్‌వైజర్ అప్పుడే ముసలాయన మీదికి కేకలేస్తూ వెళ్తోంది. ఆయనకి ఏం జరిగిందో కూడా తెలియదు. తుడుపు గుడ్డ పట్టుకుని నిలబడిపోయాడు.

అరుంధతి లేచింది. బుట్టలో చెయ్యి పెట్టి ప్యాకెట్ తీసింది.

"సర్, అంకుల్ డిడ్ నథింగ్. మై హస్బెండ్ త్రూ ఇట్," అంది, అందరికీ వినబడేలా.

బాస్ ప్యాకెట్ అందుకున్నాడు, ఆమెకి థాంక్స్ చెప్పాడు, వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాడు. ఆట అయిపోయేదాకా సాంబశివరావు పక్క కుర్చీ ఖాళీగానే ఉంది.

కౌశల్ డివిజన్ హెడ్ అయ్యాడు. పెళ్ళామే కొంప ముంచిందని సాంబశివరావు లిఫ్టులో కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. నాకూ చెప్పాడు. రవ్వంత జాలి వెయ్యలేదు నాకు.

మొన్న ఆదివారం మా బ్లాకు కింద హాకర్ సెంటర్ కిటకిటలాడుతోంది. ఈయన రెండు ప్లేట్లు పట్టుకుని వచ్చాడు. అరుంధతి ఎదురు కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి కూర్చుంది. ప్లేట్లు బల్ల మీద పెట్టి ప్యాకెట్ వైపు చూశాడు.

"తీసి కూర్చోనా?" అన్నాడు.

"అడిగారు కదా," అంది అరుంధతి. "ఇప్పుడు కూర్చోండి."